ఏదడిగినా అలౌ కొట్టు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు పక్కన, లారీలు తూచే కాంటా గదిలో, కంప్యూటరు ముందు కూర్చుంటాను. లారీ కాంటా ఎక్కగానే తెర మీద బరువు పడుతుంది. నేనొక బటన్ నొక్కితే చీటీ వస్తుంది. పదహారేళ్లుగా కంప్యూటరుతో నాకున్న సంబంధం ఇంతే. కానీ మా చుట్టాలకు ఇది చాలు. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి ఫోన్ల సంగతి తెలియకుండా ఉంటుందా అని వాళ్ల ధీమా. ఎవరి ఫోన్ మొరాయించినా నాకే ఫోన్ చేస్తారు, మొరాయించిన ఆ ఫోన్‌తోనే. తెలియదు అని చెప్పడం నాకు నామోషీ. అందుకని తెలిసినట్టే చెబుతూ వచ్చాను. నా నామోషీ వల్ల మా అక్క ఏం పోగొట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. మునగాల దాటాక హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. చిన్నపిల్లల బరువు చూడటం, గుడ్లు ఉడికించి పెట్టించడం, గర్భిణులకు పాలు గుడ్లు అందేలా చూడటం ఆమె పని. ఆ ఊళ్లో ఆమెను అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. టీకాల రోజు పిల్లలను ఇంట్లో దాచిపెట్టుకున్న తల్లులు కూడా ఆమె వెళ్లి గడపలో కూర్చుంటే ఎత్తుకుని బయటికి వచ్చేవాళ్లు. "టీచరమ్మ చెప్పింది" అని కోడలంటే అత్త మారుమాట్లాడేది కాదు. జీతం గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఆమెకు ఆ ఊళ్లో ఉన్నదల్లా ఆ మాట విలువే. అది పోతే ఉద్యోగం ఉన్నా లేనట్టే.

ఒకప్పుడు ఆమె పనంతా రిజిస్టర్లలో ఉండేది. తర్వాత ఫోన్ వచ్చింది. పిల్లవాడి బరువు ఫోన్లో, గుడ్డు ఇచ్చినట్టు ఫోన్లో, సెంటరు తెరిచినట్టు ఫొటో ఫోన్లో. ఊళ్లో ఏ అమ్మాయికైనా నెల తప్పితే పేరు ఎక్కించాలి. ఎక్కించాలంటే ఆ అమ్మాయి ఇంటి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆ అంకెలు అక్కకు చెప్పాలి. అవి కొడితేనే ఆమె పేరు మీద పాలు, గుడ్లు మొదలవుతాయి. అంటే ఊళ్లో ఆడవాళ్లను ఓటీపీలు అడగడమే మా అక్క ఉద్యోగంలో సగం.

ఆ ఫోన్ ఊరికే ఉండేది కాదు. కెమెరా వాడుకోనా, ఎక్కడున్నావో చూసుకోనా, ఫైళ్లు తెరవనా అని అడుగుతూనే ఉండేది. అడిగినప్పుడల్లా అక్క నాకు ఫోన్ చేసేది.

"తమ్మీ, ఏదో అడుగుతాందిరా. అలౌ అంట, డోంట్ అలౌ అంట. ఏది కొట్టాలె?"

వడ్ల సీజన్లో మా మిల్లు ముందు లారీలు రోడ్డు మీదికి బారు తీరి ఉంటాయి. డ్రైవర్లు హారన్లు కొడుతూ నా వంశాన్నంతా తలుచుకుంటూ ఉంటారు. అట్లాంటి ఒక మధ్యాహ్నం అక్క నాలుగోసారి ఫోన్ చేసింది. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఏదడిగినా అలౌ కొట్టు. అలౌ కొడితేనే పనైతది. ఇగ నన్ను అడగకు."

"ఏదడిగినానా?"

"ఏదడిగినా."

ఆ తర్వాత ఆ విషయానికి ఆమె మళ్లీ ఫోన్ చేయలేదు. పెద్ద తలనొప్పి తీరిందని నాలో నేను మురిసిపోయాను.

కొన్నాళ్లకు ఆ ఫోన్ ముసలిదైంది. కొత్తది కొందామని అక్కను సూర్యాపేట రమ్మన్నాను. నేను ఇటు నుంచి, ఆమె అటు నుంచి బస్సెక్కి బస్టాండు దగ్గర కలుసుకున్నాం. ఆ పక్కనే ఒక ఫోన్ల దుకాణం ఉంది. దాని యజమాని నా ఈడువాడే, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చిన్న స్క్రూడ్రైవరుతో పని చేస్తుంటాడు. కొత్త ఫోన్ పెట్టెలోంచి తీసి బయట పెట్టగానే నేను పెద్ద పండితుడిలా అన్నాను, "దీంట్ల మంచి యాంటీవైరస్ ఎయ్యిండ్రి" అని. అప్పట్లో గ్రూపుల్లో భయపెట్టే సంగతులు చాలా చదివేవాణ్ని. ఫొటోలు ఎత్తుకుపోతున్నారని, ఖాతాలు ఊడుస్తున్నారని.

"ఎందుకు సార్?" అన్నాడతను. "ఫోన్‌తోని అచ్చిన కాపలా ఒకటి లోపల్నే ఉంటది. స్టోరుల దొరికేయి తప్ప బయటియి ఏవీ ఎక్కియ్యకుంటే సాలు. అప్‌డేట్ అడిగినప్పుడు చేసుకోవాలె, గంతే. దాని మీద మళ్ల ఇంకోటి ఏం అక్కర లేదు."

"ఉంటే పోయేదేముంది?"

"పోయేదేం లేదు. జర ఎక్కువ మాట్లాడతది."

ఇతనికేం తెలుసులే అనుకున్నాను. ఏడాదికి సరిపడా ప్యాక్ తీయించి నేనే వేయించాను. నిజం చెప్పాలంటే ఆ ముచ్చట ఫోన్ గురించి కాదు. అక్కను చూడటానికి నేను సంవత్సరంలో రెండుసార్లు కూడా వెళ్లలేకపోతున్నాను. తెర మీద ఆ ఆకుపచ్చ డాలు బొమ్మ చూస్తే నా బదులు ఎవరినో ఆమె దగ్గర కాపలా పెట్టినట్టు నాకు నిమ్మళంగా అనిపించింది. "ఇదుంటే ఇగ నీకు ఏ భయం లేదక్కా" అన్నాను. ఆమె ఆ బొమ్మను వేలితో మెల్లగా తాకి, మంచిగుంది అంది.

దుకాణం అతను చెప్పినట్టే అది నోరు మూసుకునేది కాదు. మీ ఫోన్లో చెత్త పేరుకుపోయింది అనేది. ఫోన్ వేడెక్కింది అనేది. మీ రక్షణ సంపూర్ణంగా లేదు, ఇంకా పెద్ద ప్యాక్ తీసుకోండి అని ఎర్రటి అక్షరాల్లో బెదిరించేది. అక్క హడలిపోయి ఫోన్ చేసేది.

"ఎర్రగ అచ్చిందిరా. ప్రమాదం అని రాసుంది. పిల్లలకు అన్నం పెట్టే టైముల నా గుండె దడదడ అంటాంది."

"అది ఊకె అట్లనే అంటదక్కా. పక్కకు నూకెయ్."

ఎర్రగా వస్తే పక్కకు నూకడం, అడిగితే అలౌ కొట్టడం. ఆమెకు నేను నేర్పిన చదువు ఇదే. చిన్నప్పుడు నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమె. ఆ రుణం నేను ఇట్లా తీర్చుకున్నాను.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. అమ్మకు చదువు రాదు. కానీ పెళ్లి పత్రికల విషయంలో ఆమెకొక పట్టింపు ఉండేది. ఇంటికి వచ్చిన పత్రికను మడత విప్పకుండా పక్కన పెట్టనిచ్చేది కాదు. పిలిచినవాళ్ల శుభకార్యం మన ఇంట్లో మూతపడి ఉండొద్దని అనేది. నాటు వేస్తున్నా సరే గట్టెక్కి, చేతులు కడుక్కుని, పసుపు పూసిన కొసలను కళ్లకద్దుకుని, అక్కను పిలిచి విప్పమనేది. అక్క పెళ్లికొడుకు తాతల పేర్ల నుంచి కింద చిన్నపిల్లల పేర్ల దాకా గట్టిగా చదివేది. చివరి పేరు అయ్యేదాకా అమ్మ అట్లా నిలబడే వినేది. అమ్మ పోయాక నేను ఆ పట్టింపు మరిచిపోయాను. అక్క మరవలేదు. ఇప్పటికీ పత్రిక వస్తే పక్కన ఎవరూ లేకపోయినా గట్టిగానే చదువుతుంది.

ఆమె సెంటరుకు వచ్చే ఒక పిల్లవాడి తల్లి తన తమ్ముడి పెళ్లి కుదిరిందని, కోదాడలో ఫంక్షన్ హాలు మాట్లాడారని, పత్రిక ఫోన్లోనే పంపుతానని ముందే చెప్పి ఉంది. ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆ తల్లి నంబరు నుంచే మెసేజ్ వచ్చింది. మా ఇంట్లో పెళ్లి, తప్పక రావాలని రెండు వాక్యాలు, కింద పత్రిక అని ఒక ఫైలు. పిల్లలు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. అక్క గరిటె ఆయాకు ఇచ్చి, చేతులు కడుక్కుని, పత్రిక విప్పడానికి కూర్చుంది.

ఫోన్ అడిగింది, ఇది బయటి నుంచి వచ్చింది, ఎక్కించమంటావా అని. అక్క అలౌ కొట్టింది. మెసేజ్‌లు చదువుకోనా అని అడిగింది. అలౌ కొట్టింది. మధ్యలో ఆకుపచ్చ డాలు ఎర్రబడి పెద్ద అక్షరాలతో అడ్డం వచ్చింది. పక్కకు నూకేసింది. అన్నీ నేను చెప్పినట్టే చేసింది. పత్రిక మాత్రం తెరుచుకోలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. నేను కాంటా మీద లారీ పెట్టుకుని ఉన్నాను.

"పెండ్లి పత్రిక అచ్చిందిరా, తెరుసుకుంటలేదు."

"సిగ్నల్ ఉండదక్కా. మళ్ల కొట్టు" అన్నాను. ఆమె మళ్లీ కొట్టింది.

సాయంత్రానికి అదే ఫైలు మా అక్క నంబరు నుంచి ఊళ్లో తల్లులందరికీ వెళ్లింది. సెంటరు గ్రూపులోకీ వెళ్లింది. ఎవరో తెలియనివాళ్లు పంపితే వాళ్లు తెరిచేవాళ్లు కాదేమో. పంపింది టీచరమ్మ. చాలామంది తెరిచారు. కొందరి ఫోన్లు బిగుసుకుపోయాయి. కొందరి ఫోన్ల నుంచి అది వాళ్ల పుట్టింటి దాకా పోయింది. ఒకామె ఖాతాలో దాచుకున్నది కొంత పోయింది, ఎంతో అక్క నాకు చెప్పలేదు. అసలు ఆ పిల్లవాడి తల్లి కూడా ఏమీ పంపలేదని తర్వాత తెలిసింది. ఆమె ఫోన్లోకి ఇంకెక్కడి నుంచో వచ్చింది. కానీ ఊరి మొత్తానికి వచ్చింది మా అక్క పేరు మీద. ఊరికి గుర్తున్నది అదొక్కటే.

మరుసటి రోజు నేను సెలవు పెట్టి, అక్కను తీసుకుని సూర్యాపేటలో అదే దుకాణానికి వెళ్లాను. అతను ఫోన్ కేబులుకు తగిలించి చాలాసేపు చూశాడు. నేను అప్పుడే చెప్పాను కదా అని ఎత్తిపొడుస్తాడేమోనని నేను లోలోపల నలిగిపోతున్నాను. ఎత్తిపొడవలేదు. తెర నా వైపు తిప్పాడు.

"సూడుండ్రి సార్. ఫోన్ ఆపి అడిగింది. మీరేసిన యాంటీవైరస్ కూడ అడ్డం అచ్చింది, ఎర్రగ. రెండూ వాటి పని అవి చేసినయి. ఈ అమ్మ అన్నింటికి ఊ అన్నది."

అక్క నా వైపు చూసింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో నేను నోరు తెరిచి, ఆమె కాదు, నేనే చెప్పాను, ఎర్రగా వస్తే నూకమన్నదీ నేనే, అలౌ కొట్టమన్నదీ నేనే అని ఉండాల్సింది. నేను తల దించుకుని బల్ల మీది కేబులు వైపు చూశాను. ఆ దుకాణం మనిషి ముందు కూడా నాకు నామోషీ.

"నాకే తెల్వక నొక్కినయ్యా" అంది అక్క.

సిగ్గు లేకుండా నేను ఇంకో ప్రశ్న అడిగాను. "ఇంతకీ యాంటీవైరస్ ఉండాల్నా వద్దా?"

అతను కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. "ఏం చెప్పాలె సార్? తలుపు మనమే తీస్తే ఎంతమందిని పెట్టినా ఏం చేస్తరు?"

ఫోన్ అంతా తుడిచేసి ఇచ్చాడు. అందులో ఉన్న పిల్లల ఫొటోలు పోయాయి. ఎవరెవరో ఫిర్యాదు చేయడంతో ఆమె నంబరు కూడా ఆగిపోయింది, మళ్లీ రావడానికి రోజులు పడుతుందన్నారు. బస్సులో తిరిగి పోతూ నేను మా కాంటా గురించి ఆలోచించాను. అది లారీ బరువు గింజ తేడా లేకుండా చెబుతుంది, బస్తాల్లో ఏముందో దానికి తెలియదు. నేనూ అంతే. నాకు తెలియని దాని మీద పదహారేళ్లుగా చీటీలు ఇస్తున్నాను.

ఆ ఆదివారం అక్క ఊరికి వెళ్లాను. ఊరందరికీ నా నోటితోనే జరిగింది చెప్పేద్దామని గట్టిగా అనుకుని వెళ్లాను. అక్క అప్పటికే ఇంటింటికీ తిరుగుతోంది. ఆమె వెనక నేను నడిచాను. ఒక ఇంట్లో కొత్తగా నెల తప్పిన అమ్మాయి ఉంది. ఆమె పేరు ఎక్కించాలి, ఓటీపీ కావాలి. అమ్మాయి ఫోన్ పట్టుకుని గడప దాకా వచ్చింది. వెనక నుంచి ఆమె అత్త వచ్చి ఆ ఫోన్ తీసుకుని కొంగులో పెట్టుకుంది.

"ఏమనుకోకు టీచరమ్మా. ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని నువ్వే గద మీటింగుల చెప్పినవ్."

నిజమే. పైనుంచి వచ్చిన కాగితం చూసి మూడు నెలల కింద తల్లులందరినీ కూర్చోబెట్టి అక్కే చదివి వినిపించింది.

"గిది అది కాదమ్మా. గిది పాలు, గుడ్ల కోసం. కోడలు పిల్ల రక్తం తక్కువున్నది, లేట్ చేయొద్దు" అంది అక్క.

"నీ ఫోన్ల నుంచే గద అచ్చింది."

నేను ముందుకు వచ్చాను. "అమ్మా, తప్పు మా అక్కది కాదు. నేనే ఆమెకు తప్పుగ నేర్పిన. నేను పూచీ, ఏం కాదు" అన్నాను.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "నువ్వెవలయ్యా?" అంది.

తమ్ముణ్ని అన్నాను. మిర్యాలగూడలో కంప్యూటరు పని చేస్తానన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. కంప్యూటరు అన్న మాట వినగానే ఆమె తలుపు సగం దగ్గరికి వేసింది. నేను ఎన్నాళ్లో దాచుకున్న ఒప్పుకోలు ఆ గడప మీద ఎవరికీ పనికి రాకుండా పోయింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి పద అంది. మరునాడు తన ఇంటి కోళ్లు పెట్టిన గుడ్లు ఆరు తీసుకెళ్లి ఆ అమ్మాయికి ఇచ్చి వచ్చింది. గుడ్లు తీసుకున్నారు. అంకెలు చెప్పలేదు.

అసలు పెళ్లి ఆ నెలాఖరులో కోదాడలో జరిగింది. ఫోన్ పత్రికలు మానేసి వాళ్లు కాగితం పత్రికలు అచ్చు వేయించి ఇల్లిల్లూ పంచారు. అక్కకూ ఇచ్చారు. నువ్వూ రా, ఒక్కదాన్నే పోలేను అంటే నేనూ వెళ్లాను. ఆమె అట్లా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. పెళ్లికూతురు వైపు వాళ్లు "రండి టీచర్ గారూ, కూర్చోండి, ఏం అనుకోమాకండి" అని మర్యాదగానే కూర్చోబెట్టారు. బంతిలో మాకెదురుగా ఒకావిడ పక్కావిడతో, "ఆ కార్డు పంపింది ఈవిడేనంటగా" అంది. ఆమె గొంతు తగ్గించాననే అనుకుంది. అక్క తల ఎత్తకుండా పెరుగన్నం కలుపుకుంటూ ఉంది. 

ఆ తర్వాత రెండు వారాలకు, మధ్యాహ్నం భోజనం ముగించి కాంటా గదిలోకి వచ్చానో లేదో, నా ఫోన్‌కు ఒక కోడ్ వచ్చింది. కింద, దీన్ని ఎవరికీ చెప్పకండి అని ఉంది. వెంటనే తెలియని నంబరు నుంచి ఫోన్.

"తమ్మీ, నేనురా. ఆయా ఫోన్ నుంచి చేస్తున్న. నా నంబరు ఇంక రాలే, సెంటరు యాప్‌ల నీ నంబరు ఇచ్చిన. నీకు ఆరంకెలు అచ్చినయా? జల్ది చెప్పు."

గొంతు అక్కదే. ఆ గొంతు నాకు తెలియకపోవడమేంటి? కానీ ఈ మధ్య గొంతులను కూడా అచ్చం అట్లాగే చేసి మోసం చేస్తున్నారని ఆ వారమే గ్రూపులో చదివి ఉన్నాను. కోడ్ నా కళ్ల ముందే ఉంది. నోరు దానంతట అదే తిరిగింది.

"అక్కనే అయితే చెప్పు. మన అమ్మకు పెండ్లి పత్రికలు ఎవలు చదివేది?"

 ఫోన్లో వెనక ఎక్కడో పిల్లలు అరుస్తున్నారు, కంచాలు చప్పుడవుతున్నాయి. ఆ చప్పుడు నేను గుర్తుపట్టాను. అది సెంటరే. ఆమె అక్కే.

"నేనే చదివేదాన్నిరా" అంది. "చివరి పేరు అయ్యేదాక అమ్మ నిలవడేది. నువ్వు పక్కన పసుపు గీకుతుండేటోనివి."

నేను అంకెలు చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ తిరిగి పలికింది. "అయింది. ఉంట మరి" అని పెట్టేసింది. ఊళ్లో ఒక్క తలుపు కూడా ఆమెకు పూర్తిగా తెరుచుకోని రోజుల్లో ఆమెకు మిగిలింది నేనొక్కడినే. నేను కూడా ఆమెను గుమ్మంలో నిలబెట్టి నువ్వెవరు అని అడిగాను. అక్కడే కూర్చుని, లారీ కాంటా మీదికి ఎక్కుతున్నా చూడకుండా, ఏడ్చాను. డ్రైవరు హారన్ కొట్టేదాకా నాకు తెలియలేదు.

ఆమె నంబరు ఇప్పుడు వచ్చింది. వారానికి రెండుసార్లయినా ఫోన్ చేస్తుంది. తెర మీద అక్క అనే కనిపిస్తుంది. అయినా ఎత్తగానే ముందు హలో అనదు. నేనేమీ అడగకుండానే మొదలు పెడుతుంది. "బాయి కాడ నీకు తేలు కుడితే నిన్ను సంకల ఏసుకొని ఉరికిన, నా చెప్పు ఒకటి మడిల్నే పోయింది. నేనే తమ్మీ మాట్లాడేది." ఇంకోసారి, "నీ బడి సంచి నా ఓణీ చింపి కుట్టిన, ఎర్రది. నేనే." ఎగతాళికి అనడం లేదు. కోపంతోనూ కాదు. ఫోన్లో మాట్లాడాలంటే ఇట్లాగే మొదలు పెట్టాలి కాబోలని, నేను చెప్పిన మిగతా అన్నింటిలాగే దీన్నీ నేర్చుకుంది. వద్దక్కా, నువ్వేనని నాకు తెలుసు అని ఒకసారి చెప్పాను. "ఉండనియ్ రా, మంచిది" అంది. అందుకని ఆమె తాను మా అక్కేనని రుజువు చెప్పడం అయ్యేదాకా నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఉంటాను.